చేతిలో కెమెరా ఉంది... ఫొటో ఎందుకు బాగా రాదు?

మీ ఫోన్‌లో ఎన్ని ఫొటోలున్నాయో ఎప్పుడైనా చూశారా? రెండు వేలా? అయిదు వేలా? సరే, వాటిలో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకోదగ్గవి ఎన్ని? వేళ్ళమీద లెక్కపెట్టెయ్యొచ్చు, అవునా!

మా ఇంట్లోనూ అంతే. ఆ సంగతి నాకు తెలిసొచ్చిన రోజు మాత్రం మంచి రోజు కాదు. అమ్మ పోయిన మూడో రోజున, పదకొండో రోజుకల్లా ఒక ఫొటో పెద్దది చేయించమన్నారు నాన్నగారు. అన్నయ్య, వదిన, నేను ఫోన్లు ముందేసుకుని కూర్చున్నాం. అమ్మ ఉన్న ఫొటోలు బోలెడు. ఒకదాంట్లో వడ్డిస్తూ వంగి ఉంది, మొహం సగమే పడింది. ఒకదాంట్లో కిటికీకి వీపు పెట్టి కూర్చుంది, కళ్ళూ ముక్కూ తెలియనంత నల్లగా వచ్చింది. ఇంకోదాంట్లో మనవడి వెనక పరిగెడుతోంది, మనిషి మొత్తం చెదిరిపోయింది. ఆఖరికి ఒక పెళ్ళి గ్రూపు ఫొటోలోంచి అమ్మ తల వరకూ కత్తిరించి స్టూడియోకి పట్టుకెళ్ళాం. "ఇంత చిన్న బొమ్మని పెద్దది చేస్తే మొహం పగిలిపోతుందమ్మా" అన్నాడు అక్కడి అబ్బాయి. అయినా చేయించాం. ఇప్పుడు మా హాల్లో ఉన్నది ఆ ఫొటోయే. దగ్గరికెళితే అమ్మ కళ్ళు కనపడవు.

మా ఫోన్లు మంచివే. మాకే ఫొటో తీయడం రాదు. ఆ తర్వాత కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్నాక తెలిసింది, ఇదేమంత పెద్ద విద్య కాదని. ఏ కూరకి ఎంత మంట పెట్టాలో తెలిసినవాళ్ళకి, ఏ మొహానికి ఎంత వెలుతురు కావాలో తెలియడం ఎంతసేపు చెప్పండి!

ముందు ఆ అద్దం తుడవండి

నవ్వకండి. మన ఫోన్లు వంటింట్లో పెరుగుతాయి. పోపు వేస్తూ ఫోన్ ఎత్తుతాం, పిండి చేత్తోనే ఆపుతాం. ఫోన్ వెనక ఉండే ఆ చిన్న అద్దం మీద నూనె, పసుపు, చేతి జిడ్డు పట్టేస్తాయి. అప్పుడు తీసిన ఫొటో అంతా పొగమంచు కమ్మినట్టు ఉంటుంది. దీపాల చుట్టూ తెల్లటి గీతలు సాగుతాయి. "ఫోన్ పాతదైపోయింది, కొత్తది కొనాలి" అని ఇంట్లో పేచీ పెట్టేముందు, ఉతికిన పాత నూలు చీర ముక్కతో మెల్లగా తుడిచి చూడండి. చాలా ఇళ్ళలో సగం జబ్బు అక్కడే పోతుంది. చీర చెంగు మాత్రం వద్దు, జరీ అంచు గీతలు పెడుతుంది.

వెలుతురు ఎటునుంచి వస్తోంది?

ఫొటో తీసే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. కిటికీగానీ, తలుపుగానీ, దీపంగానీ మీరు తీసే మనిషి వెనక ఉంటే మొహం నల్లబడుతుంది. మా అమ్మ ఫొటోకి జరిగింది అదే. మనిషిని అటు తిప్పి కూర్చోబెట్టండి. వెలుతురు మొహం మీద నేరుగా కాకుండా కాస్త పక్కనుంచి, ఏటవాలుగా పడితే ఇంకా అందం. ఒక చెంప వెలుగులో, ఒక చెంప లేత నీడలో ఉండి మొహానికి నిండుదనం వస్తుంది. నీడ మరీ ఎక్కువైందనుకోండి, ఆ పక్కన ఒక తెల్ల పంచెగానీ, తెల్ల చార్టుగానీ పట్టుకోమనండి. అది వెలుతురుని తిరిగి మొహం మీదికి కొడుతుంది.

మిట్ట మధ్యాహ్నం ఎండలో నిలబెట్టి ఫొటో తీయకండి. కళ్ళ కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి, పాపం వాళ్ళు కళ్ళు కూడా తెరవలేరు. పొద్దున్న ఎనిమిది లోపు, సాయంత్రం సూర్యుడు దిగే ముందు గంట మంచి సమయాలు. మధ్యాహ్నమే తీయాల్సి వస్తే వరండా నీడలోకి రమ్మనండి. చెట్టు కింద అయితే ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు మొహం మీద పడకుండా చూసుకోండి.

ఇంకో మాట. ఒకపక్క కిటికీ వెలుగు, పైన పసుపు బల్బు రెండూ ఉంటే ఒక చెంప నీలంగా, ఒక చెంప పచ్చగా వస్తుంది. పగలు ఫొటో తీసేటప్పుడు లైట్లు ఆర్పేయండి. ఇక ఫ్లాష్ సంగతి. ఫోన్‌లో ఉండే ఫ్లాష్ అయిదారు అడుగుల దూరం దాకా పనికొస్తుంది, అంతే. కల్యాణమండపంలో ఆఖరి వరసలోంచి ఫ్లాష్ కొడితే ముందు కూర్చున్నావిడ జడ తెల్లగా వెలిగిపోతుంది, పెళ్ళికూతురు చీకట్లోనే ఉంటుంది!

కెమెరాకి బుర్ర కాస్త తక్కువ

ఈ ముక్క తెలిస్తే చాలా చిక్కులు విడిపోతాయి. కెమెరా దేన్ని చూసినా "ఇది మరీ తెలుపూ కాదు, మరీ నలుపూ కాదు, మధ్యరకం బూడిద రంగు" అనుకుని వెలుతురు లెక్క కడుతుంది. అందుకే తెల్ల పట్టుపంచె కట్టుకున్న మావగారిని దగ్గరగా తీస్తే పంచె మాసినట్టు వస్తుంది. కళ్ళాపి చల్లిన నల్లటి నేల మీద ముగ్గుని తీస్తే, నేల బూడిద రంగుకి తిరిగి ముగ్గు గీతలు తెల్లగా పేలిపోతాయి.

దీనికి మందు మీ వేలి చివరే ఉంది. కెమెరా తెరిచి, తెర మీద ముఖ్యమైన చోట, అంటే మనిషైతే మొహం మీద ఒకసారి తట్టండి. ఫోకస్ అక్కడ కుదురుతుంది. చాలా ఫోన్లలో ఆ పక్కనే సూర్యుడి బొమ్మలాంటి గుర్తో, చిన్న గీతో కనపడుతుంది. దాన్ని జరిపితే ఫొటో వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది. తెల్లటివి ఎక్కువ ఉన్నప్పుడు కాస్త పెంచండి, నల్లటివి ఎక్కువ ఉన్నప్పుడు కాస్త తగ్గించండి. వినడానికి తలకిందులుగా ఉంది కదూ? ఒకసారి చేసి చూడండి, మీకే తెలుస్తుంది.

తట్టి వదిలేయకుండా వేలు అక్కడే రెండు సెకన్లు అదిమి ఉంచితే, చాలా ఫోన్లలో ఆ ఫోకస్, ఆ వెలుగు రెండూ తాళం వేసినట్టు ఆగిపోతాయి. మధ్యలో ఎవరు అడ్డొచ్చినా మారవు. తాళం తీయాలంటే ఇంకోచోట తట్టండి.

పిల్లలు కుదురుగా ఉండరే!

షట్టర్ అంటే కిటికీ రెక్క అనుకోండి. అది తెరిచి ఉన్నంతసేపే వెలుతురు లోపలికి వస్తుంది. సెకనులో 30వ వంతు తెరిచి ఉంటే, ఆ కాస్తలోనే పిల్లాడు చెయ్యి ఊపుతాడు, చెయ్యి చెదిరిపోతుంది. పరిగెత్తే పిల్లలకి సెకనులో 250వ వంతు, డాన్సు చేసే అమ్మాయికి 500వ వంతు ఉండాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో 'ప్రో' అనే విభాగం ఉంటుంది. అందులో 1/250, 1/500 అని మనమే పెట్టుకోవచ్చు.

అయితే రెక్క అంత త్వరగా మూసుకుంటే లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. అప్పుడు ఐఎస్‌ఓ పెంచాలి. పూర్వం రోలు డబ్బా మీద 100, 200, 400 అని ఉండేది గుర్తుందా? ఇదీ అదే. అంకె పెరిగితే తక్కువ వెలుతురులోనూ ఫొటో వస్తుంది, కానీ రవ్వ చల్లినట్టు గరుకుదనం కూడా వస్తుంది. ఎండలో 100 చాలు. ఇంట్లో దీపాల వెలుగులో 800, 1600 దాకా పోతుంది. ఇది తక్కెడ లాంటిది, ఒక పక్క పెంచితే ఇంకో పక్క తగ్గుతుంది.

ఈ అంకెలన్నీ నావల్ల కాదంటారా? అయితే ఒకటే సూత్రం. కదిలేవాళ్ళని వెలుతురులోకి తీసుకురండి. వరండాలో, డాబా మీద, గుమ్మం దగ్గర ఆడుకోనివ్వండి. వెలుతురు బాగా ఉంటే ఫోన్ తనంతట తనే షట్టర్ వేగం పెంచుతుంది. పైగా వరసగా పది ఫొటోలు తీసే సదుపాయం వాడుకోండి. కొన్ని ఫోన్లలో బటన్ని నొక్కి పక్కకి లాగాలి, కొన్నిట్లో నొక్కి ఉంచాలి. పదిలో ఒక్కటి బాగా వస్తే చాలదూ? 36 ఫొటోల రోలు కాదుగా, మిగతావి తీసేసుకోవచ్చు.

రాత్రిపూట వాడే 'నైట్ మోడ్' దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది రెండు మూడు సెకన్లు చూసి ఒక ఫొటో తయారుచేస్తుంది. దీపావళి నాడు గుమ్మంలో ప్రమిదల వరసకి బ్రహ్మాండం. కాకరపువ్వొత్తి తిప్పే పిల్లాడి మొహానికి మాత్రం పనికిరాదు.

ఎంత దూరం? ఎంత ఎత్తు?

మనిషికి మరీ దగ్గరగా ఫోన్ పెడితే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి. ఎంత అందగత్తె అయినా అంతే! నాలుగు నుంచి ఆరు అడుగుల దూరం జరగండి. ఫోన్ వెనక రెండు మూడు కళ్ళుంటే 2 అనే అంకె నొక్కి తీయండి. ఒకే కన్ను ఉన్న ఫోన్‌లో వేళ్ళతో సాగదీసే జూమ్ వద్దు. అది దగ్గరికి తేవడం కాదు, ఉన్నదాన్నే సాగదీయడం. దానికన్నా మీరే రెండడుగులు ముందుకు వేయండి.

పసిపిల్లల్ని పైనుంచి తీస్తే తల పెద్దగా, కాళ్ళు పొట్టిగా వస్తాయి. నేల మీద కూర్చుని వాళ్ళ కళ్ళ ఎత్తులో పట్టుకోండి. కుర్చీలో కూర్చున్న పెద్దవాళ్ళకీ అదే పద్ధతి. సెట్టింగ్స్‌లో 'గ్రిడ్' అని ఉంటుంది. అది పెట్టుకుంటే తెర మీద నిలువు గీతలు రెండు, అడ్డగీతలు రెండు వస్తాయి. తలుపులు, స్తంభాలు ఒరిగిపోకుండా ఇవి కాపలా కాస్తాయి. కళ్ళు పై అడ్డగీత దగ్గరగా ఉండేలా చూసుకుంటే తల పైన బోలెడు గోడ మిగలదు.

మొహం నునుపు చేసే 'బ్యూటీ' సదుపాయం ఉంటే తీసేయండి. అమ్మమ్మ మొహంలో ముడతలన్నీ తుడిచేస్తే ఇక అమ్మమ్మ ఎక్కడుంటుంది?

ఏ సందర్భానికి ఏం చెయ్యాలి?

* ముగ్గు: ఎండ ముదరక ముందే తీయండి. ఒక కుర్చీ ఎక్కి ఫోన్ నేలకి సమాంతరంగా పట్టుకోండి. వెలుగు కాస్త తగ్గించండి. మీ నీడ ముగ్గు మీద పడకూడదు.

* హారతి: మంట మీద తడితే మనుషులు మాయమవుతారు. మంట పక్కనున్న మొహం మీద తట్టి, వెలుగు కొంచెం తగ్గించండి. ఫ్లాష్ వెయ్యకండి, ఆ బంగారు రంగు అంతా పోతుంది.

* పుట్టినరోజు కేకు: లైట్లన్నీ ఆర్పి కొవ్వొత్తులొక్కటే ఉంచితే ఫోన్ తట్టుకోలేదు. వెనక గదిలో లైటు ఒకటి వేసి ఉంచండి.

* వంటకం: పెసరట్టయినా, గుత్తివంకాయయినా కిటికీ పక్కన పెట్టండి. కిటికీ పళ్ళానికి పక్కగానో, వెనకగానో ఉంటే నూనె మెరుపు, పొగ రెండూ కనపడతాయి. ఇడ్లీ తెల్లగా రావాలంటే వెలుగు కాస్త పెంచాలి, పైన చెప్పుకున్నాం కదా!

* గ్రూపు ఫొటో: పొడుగువాళ్ళు వెనక, పిల్లలు ముందు. కళ్ళు మూసేవాళ్ళు ఒకరైనా ఉంటారు కాబట్టి కనీసం అయిదు తీయండి.

వీడియో అంటే వేరు

ఫొటోకి వెలుతురు ప్రాణమైతే, వీడియోకి చెయ్యి కదలకపోవడం, మాట వినపడటం ప్రాణం.

టీవీలో చూసుకోవాలంటే ఫోన్ అడ్డంగా పట్టుకోండి. మోచేతులు పక్కటెముకలకి ఆనించుకుంటే చెయ్యి వణకదు. ఇంకా మంచిది, ఆవకాయ జాడీకో బియ్యం డబ్బాకో ఆనించి నిలబెట్టండి. ఒకచోట పట్టి మనసులో పది లెక్కపెట్టండి, ఆపండి, ఇంకోచోటికి వెళ్ళండి. ఆ చివరినుంచి ఈ చివరికి కొబ్బరినీళ్ళు చల్లినట్టు ఫోన్ తిప్పితే చూసేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. వంట వీడియో అయితే ముందు పొయ్యి మొత్తం, తర్వాత చేతులు, తర్వాత బాణలి లోపల, ఇలా మూడు రకాలుగా తీయండి. బాణలి పైన ఫోన్ పెట్టకండి, ఆవిరికి అద్దం మసకబారుతుంది.

ట్యూబులైటు కింద తీస్తే వీడియోలో నల్లటి పట్టీలు పైకీ కిందకీ పాకడం చూసే ఉంటారు. ఫోన్ పాడవలేదు. మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ది. దాంతో చాలా దీపాలు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. మన కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. ప్రో వీడియోలో షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే సాధారణంగా పట్టీలు పోతాయి. సెకనుకి 25 బొమ్మలు తీసే సదుపాయం ఉంటే దానికి 1/50 చక్కగా జోడు కుదురుతుంది. అమెరికాలో ఉన్న మీ అమ్మాయికి ఈ అంకెలు చెప్పకండి సుమా! అక్కడి కరెంటు 60 హెర్ట్‌జ్‌ది, వాళ్ళకి 1/60 గానీ 1/120 గానీ కావాలి.

'4కె' పెడితే వీడియో మరింత స్పష్టంగా ఉంటుంది, కానీ '1080' కన్నా రెండు మూడు రెట్లు జాగా తింటుంది. రోజువారీ వాటికి 1080 చాలు. పెళ్ళి, అక్షరాభ్యాసం లాంటివాటికి 4కె పెట్టుకోండి.

ఇక మాట. మీ అత్తగారు పాడే మంగళహారతి, మీ అమ్మగారు చెప్పే మాగాయ కొలతలు, ఇవి ఏ పుస్తకంలోనూ దొరకవు కదా! అవి రికార్డు చేసేటప్పుడు మూడడుగుల లోపు కూర్చోండి. ఫ్యాను ఆపండి, మిక్సీ ఆపండి, కుక్కరు దించేయండి. ఫోన్ అడుగున ఉండే చిన్న రంధ్రం మైకు, దానికి వేలు అడ్డం పెట్టకండి. మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే రికార్డింగు ఆగిపోవచ్చు. అందుకని ముందే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

తీసినవి దాచుకోవద్దూ?

స్టూడియో అబ్బాయి చెప్పిన "పగిలిపోవడం" ఏమిటో తర్వాత అర్థమైంది. ఫొటో అంటే చుక్కల ముగ్గే. చక్కటి ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి. 12 మెగాపిక్సెల్ ఫొటోలో ఒక పక్క 4000, ఒక పక్క 3000 చుక్కలు ఉంటాయి, అంటే 13×10 అంగుళాల ప్రింటు శుభ్రంగా వస్తుంది. అదే గ్రూపు ఫొటోలో ఒక మొహం మీద పడేవి ఏ 200 చుక్కలో. అంగుళం కూడా నిండదు. అందుకే ప్రతి పండక్కీ గ్రూపు ఫొటోతోపాటు ఒక్కొక్కరినీ విడిగా, నడుము దాకా ఒకటి తీయండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో చుక్కలు తగ్గిపోతాయి. ముఖ్యమైనవి 'డాక్యుమెంట్'గా పంపించుకోండి. ఫోన్ నీళ్ళ బకెట్లో పడొచ్చు, ఆటోలో పోవచ్చు. కాబట్టి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, ఇంకోచోట ఒక కాపీ ఉంచండి. ఏడాదికి ఒక పాతిక ఫొటోలైనా ప్రింటు వేయించండి.

మరి మీరెక్కడ?

కెమెరా పట్టడం ఆడవాళ్ళ పని కాదనే రోజులు ఎప్పుడో పోయాయి. 1892లోనే హైదరాబాదులో దీన్‌దయాళ్ ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిస్తే, అందులో ఫొటోలు తీసింది ఒక ఆంగ్ల మహిళ. 1913లో పుట్టిన హోమై వ్యారవల్లా చీర కట్టుకుని, కెమెరా సామాను మోసుకుంటూ సైకిలు మీద ఢిల్లీ అంతా తిరిగి ఫొటోలు తీశారు. మన దేశపు తొలి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్‌గా పేరు పొందారు. 2011లో ఆవిడకి పద్మవిభూషణ్ వచ్చింది.

కానీ ఇంటి కెమెరా మన చేతికి వచ్చాక ఒక చిక్కు వచ్చింది. తీసేది మనమే, ఫొటోలో లేనిదీ మనమే. మా అమ్మ ఫోన్ పట్టకపోయినా వడ్డిస్తూ, సర్దుతూ ఫొటో బయటే ఉండిపోయింది. మీ ఫోన్‌లో ఈ ఏడాది ఫొటోలు తిరగేయండి. మీరు ఒంటరిగా, కళ్ళు కనపడేలా ఉన్నది ఒక్కటైనా ఉందా?

ఈ ఆదివారం రెండు పనులు చేయండి. మీ అమ్మగారినో అత్తగారినో పొద్దున్నే కిటికీ పక్కన కూర్చోబెట్టి, మొహం మీద తట్టి, ఓ పది ఫొటోలు తీయండి. వాళ్ళు నిటారుగా బిగుసుకుపోతారు. ఏదో కబురు అడగండి, మాట్లాడుతుండగా తీయండి. తర్వాత ఫోన్ మీ అబ్బాయికో అమ్మాయికో ఇచ్చి, అదే కుర్చీలో మీరు కూర్చోండి. "తల దువ్వుకోలేదు, చీర నలిగింది" అని లేచిపోకండి.

పోయిన నెల నేను నాన్నగారిని అలాగే తీశాను. వీధి వరండాలో, పొద్దున్న ఎనిమిదింటికి, పేపరు చేతిలో ఉండగా. "ఇప్పుడెందుకమ్మా ఈ గొడవ" అంటూ కళ్ళజోడు తీసి నావైపు చూశారు. అప్పుడే నొక్కాను. ప్రింటు తెచ్చి చేతికిచ్చాను. చాలాసేపు చూసి, "మీ అమ్మని ఇలా తీసుంటే బాగుండేదే" అన్నారు. మెల్లగా లేచి, ఆ ఫొటో తీసుకెళ్ళి అమ్మ ఫొటో పక్కన పెట్టారు.